మల్లేష్ తీసిన రీడింగులు

ఏడేళ్లుగా నా సూట్‌కేసు అడుగున ఒక నోటు పుస్తకం ఉంది. నాది కాదు. గది మారిన ప్రతిసారీ దాన్ని నేనే ముందు సర్దుతాను, ఇంకెవరినీ ముట్టనివ్వను. పావు కిలో కూడా తూగదు, కానీ ఇన్నేళ్లూ నేను మోసింది దాన్నే. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే ఇది విని ఎవరితో చెబుతారోనని ముందు మిమ్మల్నే అనుమానించేదాన్ని.

నా స్వభావమే అంత. హాస్టల్లో ఆరేసిన బట్టలు లెక్కపెట్టుకునేదాన్ని. కర్నూలు నుంచి అమ్మ పంపిన పచ్చడి సీసా మీద ఎంతవరకు ఉందో పెన్నుతో గీత గీసేదాన్ని. రూమ్మేట్లు నవ్వితే నేనూ నవ్వేదాన్ని. గీత మాత్రం చెరిపేదాన్ని కాదు.

వైద్య పరికరాల ఇంజనీరింగులో ఎం.టెక్. చివరి ఏడాది. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ ల్యాబులో మా ప్రాజెక్టు. వేలికి తగిలిస్తే లోంచి వెలుగు పంపి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే క్లిప్పు తయారుచేస్తున్నాం, నేనూ మల్లేష్. అతనిది బోరబండ. డిప్లొమా అయ్యాక కొన్నేళ్లు దవాఖానల్లో మెషీన్లు బాగుచేసి, తర్వాత ఇంజనీరింగ్ చదివి, ఇక్కడిదాకా వచ్చిన మనిషి. కోర్సు అయ్యాక కంపెనీ మా ఇద్దరిలో ఒక్కరినే ఉద్యోగంలోకి తీసుకుంటుందని అందరికీ తెలుసు. ఆ ఒక్కరు అతనేనని నాకు తెలుసు. కాదు, అనుమానం. చూశారా, ఆ రెండింటికీ తేడా నాకు ఇప్పటికీ సరిగా తెలియదు.

ఐటీ ఆఫీసుల్లో మగవాళ్ల రీడింగులు నేను తీశాను. అన్నీ తొంభై ఏడు, తొంభై ఎనిమిది. ఆడవాళ్లవి తమ బస్తీలో తీసుకొస్తానన్నాడు మల్లేష్. ఆషాఢం, బోనాల రోజులు. వారం తర్వాత అతను పుస్తకంలోంచి అంకెలు చదువుతుంటే నేను కంప్యూటర్లో ఎక్కించాను. సగం మందికి పైగా ఎనభై ఆరు, ఎనభై ఏడు. ఆరోగ్యంగా తిరిగే మనిషికి తొంభై అయిదు దాటాలి. ఎక్కిస్తూనే నిర్ణయించేసుకున్నాను. ఇతను ఎవరి దగ్గరికీ వెళ్లలేదు, పండగ చేసుకుంటూ ఇంట్లో కూర్చుని రాసేశాడు.

అతన్ని ఒక్క మాట అడగలేదు. మా గైడ్ సార్ దగ్గరికి వెళ్లి, ఇవి కల్పించిన లెక్కలు అన్నాను. అక్కడితో ఆగితే అది వట్టి అనుమానమే అయ్యేది. సార్ నమ్మరేమోనని, ఆ వారమంతా క్లిప్పు ల్యాబు బీరువాలోనే ఉందని కూడా చెప్పాను. అది అబద్ధం. మల్లేష్ దాన్ని బ్యాగులో పెట్టుకుని బోరబండ వెళ్లే లోకల్ రైలెక్కడం నా కళ్లతో చూశాను.

సోమవారం పదకొండింటికి విచారణ అన్నారు. శుక్రవారం సాయంత్రం మెట్ల దగ్గర మల్లేష్ నన్ను ఆపాడు.

"సార్‌కు ఏం జెప్పినవ్? నేను దొంగ లెక్కలు రాసిన్నా?"

"నడిచి తిరిగే ఆడోళ్లకి ఎనభై ఆరు ఎట్లొస్తాది?"

"గదే నాకు గూడ సమజైతలేదు. ఇద్దరం పోయి ఒక్కపారి మళ్ల చూద్దం, రా. అందరు మా బస్తీలనే ఉన్నరు."

"నీ బస్తీవాళ్లు నువ్వు చెప్పమన్నదే చెప్తారులే."



"అనుమానమొస్తే నన్నడగాలె గద. సార్ దగ్గరికెందుకు వోయినవ్?"

నేను మెట్లు దిగి వచ్చేశాను.

ఆదివారం హాస్టల్ ఆంటీ గోరింటాకు రుబ్బి ఆడపిల్లలందరికీ పెట్టింది. కుడిచేత్తో పని ఉందని ఎడమ చేతికే పెట్టించుకున్నాను, వేళ్ల కొనలన్నిటికీ టోపీల్లాగా. బాగా పండింది, దాదాపు నల్లగా. సోమవారం ల్యాబులో మీటింగుకు ముందు ఊరికే క్లిప్పు వేలికి తగిలించాను. ఎనభై ఏడు. కుడి చేతికి మార్చాను. తొంభై ఎనిమిది. మళ్లీ ఎడమ. మళ్లీ కుడి. బజారులో దొరికే మంచి పరికరాలకు ఆ రంగు ఒక లెక్క కాకపోవచ్చు. మా నమూనాలో లైటు మరీ బలహీనం, ఆ రంగు దాటి పోలేదు.

అతని బల్ల మీది పుస్తకం తెరిచాను. నాకు చదివి వినిపించనిది ఒక గడి ఉంది. నేను తిరగేసిన పేజీల్లో తక్కువ వచ్చిన ప్రతి పేరు పక్కనా ఆ గడిలో రాసి ఉంది, గోరింటాకు పెట్టుకుంది. చూసింది చూసినట్టు రాశాడు. కారణం అదేనని అతనికి తట్టలేదు. నాకు తట్టింది. ఇంకా అరగంట టైముంది. నేనేం చేశాను? పుస్తకం నా బ్యాగులో పెట్టుకున్నాను.

మీటింగులో ఎడమ చెయ్యి చున్నీ కింద దాచుకుని కూర్చున్నాను. సార్ పుస్తకం అడిగారు. బల్ల మీదే పెట్టానంటూ మల్లేష్ వెతికాడు, దొరకలేదు. నాకు దగ్గొచ్చింది. ఆ వెతుకులాటలోనూ అతనే నీళ్ల సీసా నా వైపు జరిపాడు. కంగారులో ఎడమ చేత్తో అందుకున్నాను. అతను నా వేళ్ల వంక చూశాడు. అతనికి అర్థమైందా? అయితే ఎందుకు మాట్లాడలేదు? కాకపోతే అంతసేపు ఎందుకు చూశాడు? ఏడేళ్లుగా ఇదే ప్రశ్న.

అతన్ని ప్రాజెక్టు నుంచి తీసేశారు. ఇంకో ప్రాజెక్టు మొదటినుంచి చేసుకోమని అతనికి చెప్పారు. అతను రాలేదు, చదువు మానేశాడు. నాలుగు నెలల తర్వాత గోరింటాకు వల్ల వచ్చే తేడాను కనిపెట్టి సరిచేసినట్టు నా పేరుతో పరిశోధన పత్రం రాశాను. ఆలోచన నాదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఉద్యోగం నాకే వచ్చింది, అందులోనే ఉన్నాను. ఆషాఢంలో ఆఫీసు ఆడవాళ్లు నువ్వెందుకు పెట్టుకోవని అడుగుతారు. ఒంటికి పడదంటాను. కావాలనే అడుగుతున్నారేమో అనిపిస్తుంది.

నిన్న పుస్తకం చివరి పేజీ దాకా మొదటిసారి చదివాను. ఆఖరి వరస ఇది.

"అమ్మ. ఎనభై ఆరు. గోరింటాకు ఉంది. భయమై మూడుసార్లు చూసిన. గంతే వస్తుంది. దవాఖానకు తీస్కపోవాలె."

కల్పించి రాసేవాడు కన్నతల్లికి ఎనభై ఆరు వేసుకుంటాడా? ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లే ఉంటాడు. అక్కడ ఏమీ లేదన్నాక కూడా ఇంకెన్నాళ్లు భయపడ్డాడో. మీ అమ్మకు ఏమీ కాలేదు మల్లేష్, అది గోరింటాకు, అని ఆ సోమవారం చెప్పాల్సిన మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు ఇక్కడ రాశాను.