లూప్‌లో ఒక చుట్టు ఎక్కువ

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని నేను బాగా ఏడిపించేవాణ్ణి. మా అక్క నన్ను మొండిఘటం అనేది. ఇది చదివి ఎవరైనా నన్ను ఏడిపిస్తే పడతాను.

తొంభైల చివర్లో రాయ్‌పూర్ పక్కన సిల్తారాలో, ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని నాది. అక్కడి కిల్న్ అంటే అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఇనప గొట్టం లాంటి కొలిమి, లోపలంతా ఇటుక. దాన్ని చల్లార్చి, లోపల పేరుకున్న పెళ్లలు కొట్టడానికి మనుషుల్ని పంపేవారు. ఎవరిని పంపొచ్చో తేల్చే సాఫ్ట్‌వేర్ నేను చూసేవాణ్ణి. తెర మీద డబ్బాలు, బాణాలు గీయాలి. లూప్ డబ్బాకి జట్టులోని పేర్లు ఇస్తే ఒక్కొక్కరినీ తీసుకుని మాస్కు ఉందా, ఒళ్లు బాగుందా అని చూస్తుంది. పేర్లు అయిపోగానే ఆగాలి.

ఒకరోజు మధ్యాహ్నం జట్టులో నలుగురు. ఆఖరి పేరు మా బావది, అంటే అక్క భర్త. లూప్ ఐదోసారి కూడా తిరిగింది. పేరు ఖాళీ. మాస్కు లేదు. పంపవద్దు అని చూపించింది.

ముందు నన్ను నేనే తిట్టుకున్నాను. లెక్క సున్నా నుంచి మొదలుపెట్టి ఒకటి ఎక్కువ తిప్పడం కొత్తలో అందరం చేసే తప్పే. కానీ సెట్టింగ్ సరిగ్గానే ఉంది. వేరే జట్టు పేర్లు ఇస్తే బుద్ధిగా ఆగింది. బావ జట్టు ఇవ్వగానే మళ్లీ ఒక చుట్టు ఎక్కువ. నాకు భయం వేసింది.

కిల్న్ దగ్గరికి ఫోన్ చేస్తే, ఆలస్యమవుతోందని చేతిరాత పాస్ మీద వాళ్లని అప్పటికే లోపలికి పంపేశామన్నారు. పరుగెత్తాను.

అక్కడ గింతీ జరుగుతోంది. బయటి నుంచి సూపర్‌వైజర్ కేకేస్తే, లోపల చీకట్లో ఉన్నవాళ్లు వరసగా తమ నంబరు చెప్పాలి. అందరూ స్పృహలో ఉన్నారని అలా తెలుస్తుంది. ఏక్, దో, తీన్. చార్ అన్నది బావ గొంతు. ఆ తర్వాత నెమ్మదిగా, పాంచ్.

సూపర్‌వైజర్ నా మొహం చూసి, అందర్నీ బయటికి రమ్మని ఈల వేశాడు. నలుగురే వచ్చారు. టార్చి వేసి చూస్తే లోపల ఎవరూ లేరు. ఎవరో వేళాకోళం చేశారని అతను తిట్టాడు. మిగతా ముగ్గురూ తాము కాదని ఒట్టేశారు.

బావ శ్రీకాకుళం మనిషి, దేనికీ జంకడు. ఆ రోజు మాత్రం వెనక్కి చూసుకుంటూ నన్ను పక్కకి లాగాడు.

"నానే ఆకర్ల ఉన్నాన్రా. నా ఎనక ఇటుక దీవార్ తప్ప ఏటీ నేదు. ఆ పాంచ్ నా సెవికాడే అన్నాడు."

మర్నాడే బావ ఆ పని మానేసి టాటీబంధ్‌లో లారీల గ్యారేజీలో చేరాడు. నేను జట్టులోంచి బావ పేరు తీసేసి లూప్ నడిపాను. మూడు చుట్లు తిరిగి ఆగిపోయింది. అంటే ఆ ఐదోవాడు కిల్న్‌లో లేడు, బావ వెంటే ఉన్నాడు.

ఈ ముక్క అక్కకి ఇంతవరకూ చెప్పలేదు. వాళ్లింటికి భోజనానికి వెళ్తే మాత్రం పీటల మీద కూర్చున్నవాళ్లని లెక్కపెడతాను.