నాయన తోలిన పడవ

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనిషికి ఒక రకం పొగరుంటుంది. ప్రపంచంలో మనకు చేతకాని పని లేదనిపిస్తుంది. ఆ పొగరు నెత్తికెక్కిన రోజుల్లోనే నేను రిమోటుతో నడిచే పడవ కిట్టు ఒకటి తిరుపతికి తెప్పించాను. (అమ్మకు మాత్రం చీర వస్తుందని చెప్పాను. పెట్టె విప్పి చూసి అమ్మ, "ఇదేం చీరమే, సెక్కలతో నేసినారా?" అంది.) పలచని చెక్క ముక్కలు, వేలెడంత మోటారు, నీళ్లలో తిరిగే బుల్లి పంకా, చుక్కాని, ఒక రిమోటు. నా ఆదివారాలన్నీ వాటికే పోయాయి. ఓసారి నా చున్నీ కొస కూడా జిగురంటుకుని పడవలో భాగమైపోతే కత్తెరతో విడదీయాల్సి వచ్చింది.

మా నాయన ప్రభుత్వ బస్సు డ్రైవరు. అప్పుడే రిటైరయి, ఏం చేయాలో తోచక ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుండేవాడు. మొదట "సిన్నపిల్లోళ్ల బొమ్మ" అని మూతి విరిచాడు. వారం తిరిగేసరికి నా పక్కనే చాపేసుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత నన్ను అడక్కుండానే పడవకు బస్సు ఎరుపు పూసేశాడు. అంతా అయ్యాక నేను నీళ్ల తొట్టిలో తిప్పి చూద్దామంటే ఒప్పుకోలేదు. "తొట్లో ఏం తోలతావు? పులికాట్‌కి పోదాం పా. అది నా రూటు" అన్నాడు. దాంతో అమ్మ పులిహోర కట్టింది. ముగ్గురం బస్సెక్కాం. దారిపొడవునా పడవ నా ఒళ్లోనే ఉంది. 

సరస్సు ఒడ్డున బురద దాటి పడవను నీళ్లలో వదిలాం. రిమోటు మీద బొటనవేలు పెట్టబోయానో లేదో, నాయన లాక్కున్నాడు. "కొత్త బండిని ముందు డ్రైవరు తోలి సూడాలమే" అన్నాడు. పోనీలే, ఒక్క రౌండే కదా అనుకున్నాను. మోటారు గుర్రుమంది, పడవ ముక్కు లేపింది, అంతే! నీళ్లు రెండుగా చీల్చుకుంటూ దూసుకుపోయింది. నేను కట్టిన పడవ! ఎగిరి గంతులేశాను. చెప్పులు బురదలో ఉండిపోయాయి, నేను మాత్రం పైకి లేచాను. వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు కూడా పని ఆపి చూశారు.

చిక్కంతా దాన్ని వెనక్కి తిప్పినప్పుడు వచ్చింది. "ఎడమకి కొడతాంటే కుడికి పోతాండాదేందిమే? నీ బిగింపులోనే తప్పుండాది" అని నాయన కేకలేశాడు. "తప్పు కాదు నాయనా, అది మనకెదురుగా వస్తాంటే దాని ఎడమ మనకి కుడి!" అని నేను పాఠం మొదలుపెట్టాను. పాఠం వినేకొద్దీ ఆయనకు వచ్చిన కాస్త కూడా పోయింది. పడవ గిరగిరా చుట్లు తిరుగుతూ నడినీళ్ల వైపు జరుగుతోంది. ఇంకాస్త పోతే రిమోటుకు అందదు, బ్యాటరీ కూడా అడుగంటుతోంది. లాక్కుందామని చెయ్యి చాచాను. అప్పుడే నాయన మొహం చూశాను. "బండి తోలేది మర్సిపోయినానేమోమే" అన్నాడు, ఎవరికీ వినపడకూడదన్నట్టు. చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా పడవ పోతోంది, ఏడుపొస్తోంది, అయినా ఆ రిమోటు లాక్కోలేకపోయాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఉన్నట్టుండి నీళ్లకు వీపు పెట్టి నిలబడ్డాడు. "రివర్సు తీస్తాండా. ఎనకాల సూసి సెప్పు" అన్నాడు. బస్టాండులో కండక్టరు వెనక నిలబడి బండిని వెనక్కి రానిచ్చే పద్ధతి! ఇప్పుడు ఆయనా పడవా ఒకే వైపు చూస్తున్నారు కాబట్టి ఎడమ ఎడమే, కుడి కుడే. నేను నీళ్ల వైపు తిరిగి "ఎడమకి, ఎడమకి!" అని అరిచాను. అది నా ఎడమ. (ఎదుటివాళ్ల ఎడమ మనకు కుడి అని ఇంతకుముందే పాఠం చెప్పిన మేధావిని నేనే.) పడవ మళ్లీ అడ్డం తిరిగింది.

అమ్మ పులిహోర డబ్బా కింద పెట్టి వచ్చి నన్ను పక్కకు తోసింది. "ఏమయ్యో! తాటిసెట్టు పక్కకి కొట్టు! ఆ, సాలు సాలు. ఇప్పుడు తెడ్లుండే పక్కకి. రానీ... రానీ..." నాయన ఒడ్డు మీద ఒక పక్కనున్న తాటిచెట్టునీ, ఇంకో పక్క పేర్చిన తెడ్లనీ చూసుకుంటూ కొడుతున్నాడు. వెనక్కి ఒక్కసారి కూడా తిరగలేదు. పడవ బుద్ధిగా వచ్చి మెత్తగా బురదకు ఆనింది. "ఆపు!" అంది అమ్మ. ఒడ్డున ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అప్పుడు తిరిగి చూసిన నాయన మొహం ఎలా వెలిగిందంటే, నేనూ చప్పట్లు కొట్టేశాను.

ఇక నా వంతు అని రిమోటు అందుకుని నొక్కితే పడవ కదల్లేదు. బ్యాటరీ అయిపోయింది.

అలిగి కూర్చున్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్క సీట్లో చేరాను. నాయన మాత్రం పక్క సీటాయనకు పడవ చూపించి, "మా పాప కట్టినాది, నేను తోలినాను" అన్నాడు. ఆయన దిగిపోతే, ఆ సీట్లోకి వచ్చినామెకు మళ్లీ చెప్పాడు. ఆ పడవను తర్వాత ఎన్నిసార్లు తోలానో లెక్కలేదు. కానీ ఆనాటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మూతి ముడుచుకుని కిటికీలోంచి బయటికి చూస్తూనే, స్టాపు వచ్చినప్పుడల్లా కొత్తగా ఎవరైనా ఎక్కి నాయన పక్కన కూర్చుంటే బాగుండునని లోలోపల కోరుకున్నాను.