పిల్ల తండ్రికి మాత్రమే చెప్పే పరపతి

సిద్దిపేట బజారులో మీ పరపతి ఎంతో మీకు ఎవరూ చెప్పరు. మీకు పిల్లనివ్వడానికి వచ్చినవాడికి మాత్రం కూర్చోబెట్టి, చాయ్ తాగించి మరీ చెబుతారు. తొంభైలలో స్కూటర్ కోసం తిరిగినప్పుడు నాకీ సంగతి తెలిసింది.

నేను హైదరాబాదులో పెరిగినవాణ్ని. మందుల కంపెనీ ఉద్యోగం మీద వచ్చి, పాత బస్టాండు వెనక మేడ మీద గది కిరాయికి తీసుకున్నాను. మిరుదొడ్డి, అక్కన్నపేట దవాఖానలన్నీ తిరగాలి. నెలాఖరుకల్లా బండి కొనకపోతే ఇంకొకణ్ని చూసుకుంటామని కంపెనీ చెప్పేసింది.

కిస్తుల మీద స్కూటర్లిచ్చే సేటు దగ్గరికి వెళితే, "రేపు రా తమ్మీ" అన్నాడు. మర్నాడు వెళితే మళ్లీ రేపే.

"ఇస్తవా, ఇయ్యవా? సాఫ్ చెప్పు!" అని అరిచాను.

"గరమెందుకైతవ్? రేపు రా."

పక్కనే ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి దూరి, అమ్మకు ఫోన్ చేసి సేటును తిట్టాను. ఏం జరిగినా నా చేయి ముందు ఫోన్ మీదికే పోతుంది. జీతంలో సగం ఆ బూత్‌కే పోసేవాణ్ని. ఊరంతటిలో నన్ను నమ్మింది బూత్‌వాడొక్కడే.

ఎర్రవల్లిలో ఉండే మా మేనమామను అమ్మ నా దగ్గరికి పంపింది. ఆయన సంగతంతా విని నవ్వాడు.

"నువ్వడిగితె ఎందుకు జెప్తడురా? పిల్ల నాయిన అడిగితె జెప్తడు. ఆడపిల్ల ఉసురు తగుల్తదని గీడ ఎవ్వడూ అబద్ధమాడడు. నువ్వు నోరు మూస్కొని బూత్‌ల నిలవడు."

మామకు ఉన్నది ఇద్దరు కొడుకులే. అయినా భుజం మీద తువాల సర్దుకొని, పిల్ల తండ్రిలాగే దిగులుగా వెళ్లి సేటు ముందు కూర్చున్నాడు. బూత్‌కూ దుకాణానికీ నడుమ ఒక చెక్క అడ్డం, అంతే. నేను ఎవరికీ చేయని ఫోన్‌ను చెవికి ఆనించుకొని విన్నాను.

"సేటూ, బిడ్డకు సంబంధం జూస్తున్నం. పాత బస్టాండు ఎనుక మేడ మీద కిరాయికుంటడట పిల్లగాడు. ఎట్లాంటోడు?"

"గా మేడ మీదోడా? బిడ్డను బాయిల తోసినట్లె! మా దోస్తు దుకాన్ల కలర్ టీవీ కిస్తుల మీద తీస్కపోయిండు. ఒక్క కిస్తు గట్టి, సామాను సదురుకొని చెప్పకుంట పోయిండు."

"పోయినోడు మల్ల గా మేడ మీదనే ఎట్లుంటడు సేటూ?"

సేటు ఆలోచనలో పడ్డాడు. నేను ఆగలేకపోయాను. ఫోన్ వదిలేసి దుకాణంలోకి ఉరికాను.

"టీవీ ఎవడు తెచ్చిండు? నా రూముల రేడియో గూడ లేదు!"

మామ నన్ను కింది నుంచి పైదాకా, మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "గీయనేనా పిల్లగాడు? పౌరుషమైతె ఉన్నది" అన్నాడు.

ఇంటి ఓనరును పిలిపించారు. "టీవీ గాడు ఏరే, ముందున్నోడు. గీడు కిరాయి టైముకు ఇస్తడు. గని నోరు ఎక్కువ" అని సాక్ష్యం చెప్పాడాయన. బజారుకు మనిషి పేరుతో పనిలేదు, ఉండే ఇల్లే గుర్తు. వెనకటివాడు గదితో పాటు తన పరపతిని కూడా నాకు వదిలి వెళ్లాడు. నా మీద పడ్డ ఆ పేరు నాకు తప్ప ఊరందరికీ తెలుసు. అందుకే, అప్పు అవసరం పడకముందే ప్రతివాడూ ఒక దొంగ పిల్ల తండ్రిని పంపి తన గురించి అరుసుకోవాలి.

కాబోయే మామే సంతకం పెట్టి జమానతు ఉన్నాడన్న ధైర్యంతో సేటు స్కూటర్ ఇచ్చాడు. ఉద్యోగం నిలిచింది. కానీ కిస్తు కట్టడానికి వెళ్లినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"లగ్గమెప్పుడు తమ్మీ?"

"దగ్గర్లనే సేటూ."

ఆఖరి కిస్తు కట్టిన రోజు ఛాతీ విరుచుకొని అడిగాను. "ఇప్పుడు నా గురించి ఎవరన్న అడిగితె ఏం జెప్తవ్ సేటూ?"

"ఉన్నదే జెప్త. పైసల కాడ పక్కా. గని గంత మంచి పెద్దమనిషి బిడ్డకు ఆశ వెట్టి, ఇడిసిపెట్టినోడు."

తిన్నగా బూత్‌లోకి వెళ్లి అమ్మకు ఫోన్ చేశాను. మామను ఇంకోసారి పంపమన్నాను, ఈసారి వేరే తువాలతో.