రెండు తొమ్మిదులు

సినిమావాళ్ళకి ఎనిమిదంటే ఎందుకంత భయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అర్థం చేసుకోవాలని కూడా లేదు. ఆ భయం మా సార్ పరువు తీసింది. తలుచుకుంటే ఇవాళ్టికీ ఒళ్ళు మండిపోతుంది.

ఎనభైల చివర్లో నేను ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. సెలవు రోజుల్లో మోతీనగర్‌లో నాకు బొమ్మలు నేర్పిన సార్ ఇంటికి వెళ్ళి, ఆయన ప్రెస్సు దగ్గర పనిచేసేదాన్ని. సార్ రాతి పలక మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీసి, ఆ రాయి మీంచి కాగితాలు అచ్చు తీసేవారు. లిథోగ్రాఫ్ అంటారు. ఆ ఏడు తీసినదాంట్లో మనిషీ లేడు, చెట్టూ లేదు. పెద్ద నల్లటి మరక, దాన్ని కోసుకుంటూ పోయే తెల్ల గీత, అంతే. ఇరవై అయిదు ప్రతులు తీశాం. ఒక్కోదాని కింద సార్ పెన్సిలుతో 1/25, 2/25 అని వేసి సంతకం పెట్టారు. తర్వాత ఇసకా నీళ్ళూ పోసి ఆ రాయిని నున్నగా అరగదీసేశారు.

"ఇగ ఇరవయ్యారోది దేవుడొచ్చి అడిగినా లేదు" అన్నారు చేతులు కడుక్కుంటూ.

తొమ్మిదోది జూబ్లీహిల్స్‌లో ఒక డాక్టరుగారు తీసుకున్నారు. ఎనిమిదోది ఆ పక్క వీధిలోనే ఒక నిర్మాతగారింటికి నేనే పట్టుకెళ్ళాను. ఆయన భార్య బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి, "లిథో అంటే మా వాల్‌పోస్టరేగా అమ్మాయ్? మరి హీరో ఏడీ?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. అంతలో ఆవిడ చూపు కింది అంకె మీద పడింది. మొహం మాడిపోయింది.

"అయ్యో, ఎనిమిదా! శని అంకె కదమ్మా! పిక్చర్ రిలీజుంది. నీకు పుణ్యముంటుంది, తొమ్మిది చేసి పెట్టు."

"అలా మార్చకూడదండీ. తొమ్మిది వేరేవాళ్ళింట్లో ఉంది."

"ఉంటే ఉండనీ. వాళ్ళదేం లాక్కుంటున్నామా?"

బొమ్మ అక్కడే వదిలేసి వచ్చాను. నాది బుద్ధి తక్కువ! 8 కింది సున్నాకి ఎడమ పక్క కాస్త రబ్బరుతో రుద్దితే చాలు, 9 అయి కూర్చుంటుంది. రుద్దారు.

నెల తిరక్కుండా డాక్టరుగారు ఆ ఇంట్లో పూజకి వెళ్ళి గోడ మీద 9/25 చూశారు. మర్నాడు ఆయన డ్రైవరు కాగితం చుట్ట పట్టుకుని మోతీనగర్ వచ్చాడు.

"సారు గిది వాపస్ ఇచ్చి రమ్మన్నరు. నన్నేమనకుండ్రి సార్."

విప్పి చూస్తే అసలు తొమ్మిది. వెనకవైపు బాల్‌పెన్నుతో 'నకిలీ' అని రాసి ఉంది. సార్ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"ఒక్క నంబర్ ఇద్దరికిచ్చిన్నంట. గట్ల చేసే మొకమేనా నాది?"

నేను డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తి, నిర్మాతగారి భార్య ఎనిమిదిని రుద్ది తొమ్మిది చేసిందని చెప్పాను. "ఆవిడ చేత ఒక్క మాట చెప్పించండి, నమ్ముతాను" అన్నారాయన. సరే, ఆవిడ దగ్గరికి పోయాను.

"రుద్ది మార్చామని బయటికి చెబితే అంకె పనిచెయ్యదటమ్మా. రిలీజు కానీ, నేనే చెప్తాగా" అంది కాఫీ ఇస్తూ.

ఈలోగా మాట ఊరంతా పాకింది. సార్ బొమ్మలతో ప్రదర్శన పెడతామన్నవాళ్ళు కబురైనా లేకుండా మానేశారు. రిలీజయింది. వంద రోజులాడింది! మళ్ళీ వెళ్ళి అడిగాను.

"ఇప్పుడెలా చెప్పమంటావు? కలిసొచ్చినదాన్ని కదపకూడదు" అంది. ఎద్దు పుండు కాకికి నొప్పా!

అక్కడితో ఆగినా బాగుండేది. పదిహేను రోజులకి ఆవిడే స్వీటు డబ్బాతో కారు దిగింది, మోతీనగర్‌లో. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"మాస్టారూ, మా మరిది ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసు తెరుస్తున్నారు. ఆయనక్కూడా ఒక తొమ్మిది ఇప్పించండి."

సార్ లోపలికెళ్ళి ఆ కాగితం చుట్ట తెచ్చి బల్ల మీద పరిచారు. "తీస్కోండ్రి. అసలు తొమ్మిది ఇదే."

ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి చూసింది. చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది డాక్టరుగారు తిప్పి పంపిందేగా? ఒక గడప దాటి వెనక్కొచ్చింది ఏం కలిసొస్తుందండీ! మాకున్నటువంటిది కావాలి."

ఇక నావల్ల కాలేదు. "అది వెనక్కి రావడానికి కారణం మీరు కాదుటండీ? సిగ్గనిపించట్లేదూ?" అని అరిచాను. సార్ చెయ్యెత్తి నన్ను ఆపారు. సొరుగు లాగి, సగం అరిగిన రబ్బరు ముక్క ఒకటి తీసి ఆవిడ అరచేతిలో పెట్టారు.

"మీ ఇంట్ల ఉన్నసొంటిది కావాల్నంటే గిదే కావాలమ్మా. నా దగ్గర ఇగ వేరేదేం లేదు."

ఆవిడకి తిట్టు అర్థమవుతుందనుకున్నాను. పెద్దాయన చేతి మీదుగా వచ్చిన వస్తువు, కలిసొస్తుందనుకుంది కాబోలు. చెప్పులు విడిచి, దాన్ని రెండు కళ్ళకీ అద్దుకుని, జాగ్రత్తగా హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.