సగం నాది

ఇబ్రహీంపట్నంలో మేము అద్దెకున్న ఇంటావిడను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్న రోజులవి. ఆమె మనవడు ఎముకల నొప్పులతో తరచూ మంచాన పడేవాడు. అది కోడలి పుట్టింటి రోగమని చుట్టాలు అన్నారు.

పట్నంలోని పెద్ద దవాఖానలో అసలు సంగతి తెలిసింది. తల్లి నుంచి సికిల్ సెల్, తండ్రి నుంచి తలసీమియా అనే నెత్తురు లోపాలు వచ్చి పిల్లవాడిలో కలిశాయి. ఒక్కొక్కటే ఉన్న తల్లిదండ్రులకు ఏ బాధా లేదు. పెద్దమ్మ తనూ పరీక్ష చేయించుకుంది. కొడుక్కి వచ్చింది ఆమె నుంచే. ఆనాటి నుంచి కోడలిని ఎవరేమన్నా, గుండెమీద చెయ్యి వేసుకుని "సగం నాది" అనేది.

పెద్దమ్మ కూతురికీ ఆ తలసీమియానే ఉందని తేలింది. యాచారం నుంచి ఆ అమ్మాయికి మంచి సంబంధం వచ్చింది. అన్నీ కుదిరాక పెద్దమ్మ, పెళ్లికొడుక్కి నెత్తురు పరీక్ష చేయించమంది. అతని తండ్రి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మా నెత్తురుకే వంక పెడ్తున్నవా అక్కా?"

"వంక మా దాంట్లనే ఉన్నదన్నా. నాకున్నది, నా బిడ్డకున్నది. మీ పిలగానికి గూడ ఉంటే, పుట్టేటోళ్లు గోసపడ్తరు."

ఆమె కొడుకు తల దించుకున్నాడు. కోడలు మనవడిని ఎత్తుకుని లోపలి నుంచి వచ్చి, అత్త పక్కన నిలబడింది. పెళ్లికొడుకు ఆ పిల్లవాడి వంక కాసేపు చూసి లేచాడు.

"ఏ దవాఖానకు పోవాలె అత్తమ్మా?" అన్నాడు.

అతనికి ఏమీ లేదని తేలింది. ఆ ఎండాకాలమే పెళ్లి చేశారు.