ఏడ్వనియ్యమన్న డాక్టరు

ఇది సముద్రాలు దాటిన మహాగాథ. ఇందులో ఆగిన గుండెలు మళ్లీ కొట్టుకుంటాయి, తల్లులు దండాలు పెడతారు... అని మొదలుపెడదామనుకున్నాను. అంత లేదు. సిద్దిపేటలో ఎండాకాలం మధ్యాహ్నం, కిరాయి గదిలో ఒట్టి బనీనుతో కూర్చున్నాను. ఎదురుగా కూలర్. దాని గుర్రు అచ్చం నేను దవాఖానలో నడిపే యంత్రం గుర్రులాగే ఉంటుంది. తడిగడ్డి వాసనొకటే తేడా. ఆ చప్పుడుకే రాజమల్లు సార్ గుర్తొచ్చారు.

ఆపరేషన్ కోసం గుండెను ఆపినంతసేపూ ఒంట్లో రక్తాన్ని తిప్పే యంత్రం నాది. గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలైందంటే నా ముఖం ఎవరూ చూడరు. పెళ్లిలో జనరేటర్ నడిపేవాడి ఉద్యోగమే ఇదీ. సార్ చిన్నకోడూరు మనిషి, పిల్లల గుండె సర్జన్. ఏటా సెలవు పెట్టి, ఇంకొందరు డాక్టర్లతో కలిసి టాంజానియా వెళ్లి, అక్కడి పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేసేవారు. నన్నూ తీసుకెళ్లేవారు. ఇంతమందిలో నేనే ఎందుకని అడిగితే, "నీకు ఇంట్ల ఎదురుసూసేటోళ్లు లేరు గదరా" అన్నారు. ఆయన భార్య పోయి చాలా ఏళ్లయింది. ఆ లెక్కన మా ఎంపిక న్యాయంగానే జరిగింది.

ఆదివారం మిగతావాళ్లంతా సముద్రం చూడ్డానికి పోతే, మేమిద్దరం గెస్ట్‌హౌస్‌లో అన్నం, మామిడి తొక్కు ముందర పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఈ పిల్లలు పెద్దగైనంక మనల్ని యాదిజేస్తరా సార్?"

"చెయ్యద్దురా. మనం యాదికొచ్చినమంటే పాణం బాగలేదన్నట్టే."

అని తొక్కు డబ్బాకు మూత పెట్టేశారు. ఆ పూటకు ముచ్చట అయిపోయింది.

అక్కడి దవాఖానలోనే నీమా అనే పాపను చూశాను. పుట్టుకతోనే గుండెలో లోపం. ఏడిస్తే చాలు, పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగి, సొమ్మసిల్లి పడిపోయేది. అందుకని వాళ్లమ్మ ఆ పిల్లను పుట్టినప్పటి నుంచీ ఏడ్వనివ్వలేదు. అడిగింది ఇవ్వడం, అడగకముందే ఎత్తుకోవడం, ఆడించడం. ఆమెకు ఇంకో పని లేదు. నన్ను చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నేను రబ్బరు గ్లౌజు ఊది కోడిపుంజును చేసి కూత పెడతాను. నా చదువుకంటే ఆ విద్యకే అక్కడ గిరాకీ ఎక్కువ.

ఆపరేషన్ అయింది. కొన్నాళ్లకు పాప ఛాతీలో పెట్టిన గొట్టం తీయాల్సి వచ్చింది. సార్ తీశారు. నీమా నోరు తెరిచింది. తల్లి ముఖం పాలిపోయింది. బిడ్డను గుండెకు అదుముకుని, కళ్లతోనే నన్ను బతిమాలింది. నేను అప్పటికే గ్లౌజు ఊదుతున్నాను. సార్ నా చెయ్యి పట్టుకున్నారు.

"గా కోడిని దాసిపెట్టురా. ఏడ్వనియ్యి."

"సార్, నీలం తిరిగితే?"

"తిరుగుతదో లేదో సూద్దాం. గందుకే గద మనం ఇంత దూరం వచ్చింది."

పాప ఏడ్చింది. పుట్టినప్పటి నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది. అందరం ఆ పెదాలనే చూస్తున్నాం. అవి ఎర్రగానే ఉన్నాయి. ఊపిరి తీసుకుని మళ్లీ ఏడ్చింది. పెదాలు మళ్లీ ఎర్రగానే. తల్లి వేలితో వాటిని తాకి చూసుకుంది. తర్వాత ఆమె కూడా మొదలుపెట్టింది. సార్ వరండాలోకి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"ఏంది సార్, మీరు గూడనా?"

"ఏసీ గాలి పడ్తలేదురా."

"ఏసీ కరాబై నిన్నటి సంది నడుస్తలేదు సార్."

"నోరు మూస్కో."

మూసుకున్నాను. ఆ చెయ్యి పట్టుకోవడం మాత్రం నా మణికట్టుకు గుర్తుండిపోయింది. ఎదుటివాళ్లు ఏడుస్తుంటే ఇప్పటికీ నాలుక మీదికి జోకు వస్తుంది. మింగేస్తాను.

పోయిన వానాకాలంలో సార్ పోయారు. గుండెపోటుతో పోయుంటే కథకు బాగుండేది. జ్వరంతో పోయారు. చిన్నకోడూరులో టెంటు కింద చుట్టాలు ఏడుస్తున్నారు. నేనొక్కణ్ణే ఎవరికీ ఏమీ కానివాణ్ణి, కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. సార్ వాళ్లక్క అడిగింది.

"నువ్వెవలు బిడ్డా?"

"సార్ దగ్గర పంపు నడిపేటోణ్ణి అవ్వా."

"బోరు పంపా?"

"అసొంటిదే అవ్వా."

ఆ రోజు నాకు కన్నీళ్లు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నీమా ఎక్కడో బడికి పోతూ ఉండాలి. సార్ పోయిన సంగతి ఆమెకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆయన కోరుకున్నదీ అదే. కాబట్టి గుర్తుపెట్టుకునే పని నా ఒక్కడి మీద పడింది.

ఇప్పుడు కూలర్ మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను, యంత్రం మీద ఆనించినట్టే. నాలుక మీదికి ఏదైనా వస్తుందేమోనని చూశాను. జోకు కూడా తట్టలేదు. సరే సార్, ఏడ్వనిస్తాను అనుకున్నాను. గదిలో ఎలాగూ ఎవరూ లేరు.

కూలర్ చప్పుడు మారింది. నీళ్లు అయిపోయాయి. నల్లా సాయంత్రం దాకా రాదు.