దీవులవాళ్ళ కంపెనీలో గంగామణి

గంగామణి వయసెంతంటే పాస్‌పోర్టులో రాసిందే వయసు. అది ఏ బ్రోకరు ఏ లెక్కన రాయించాడో ఆమెకు తెలియదు. కానీ ఆకులో తడి ఎంతుందో మాత్రం రెండు వేళ్ళతో నలిపి చెప్పేస్తుంది. భీమ్‌గల్ దగ్గరి పల్లెలో నాలుగో తరగతి మధ్యలో బడి మాన్పించి, ఒళ్ళో చేట పెట్టి బీడీలు చుట్టడానికి కూర్చోబెట్టారు. అప్పుడు అబ్బిన విద్య అది.

పెద్దయ్యాక ఖతర్ వచ్చింది. దోహాలో ఒక అరబ్బు ఇంట్లో ఆరేళ్ళు వంట చేసింది. ఆ ఇంటి పిల్లలతో వాదులాడీ వాదులాడీ అరబ్బీ నేర్చుకుంది. ఆ పని మానేశాక ఆమె చేరిన కంపెనీ సంగతి ఊరికి ఫోన్ చేసి చెబితే ఆడబిడ్డ నమ్మనే లేదు.

"ఆఫ్రికావోళ్ళు నీకు జీతమిచ్చుడేంది వదినా? గాడ అరబ్బులు లేరా?"

ఆ కంపెనీ కొమొరోస్ వాళ్ళది. ఆఫ్రికాకు తూర్పున సముద్రంలో ఉన్న చిన్న దీవుల దేశం అది. అక్కడివాళ్ళు వెనిలా, లవంగాలు పండిస్తారు. పరాయి దేశాల వర్తకులు వచ్చి, తమకు తోచిన ధర చెప్పి పట్టుకుపోతుంటారు. జైనబా అనే యాభై ఏళ్ళ ఆవిడకు అది నచ్చలేదు. వెనిలా పండించే ఇరవై కుటుంబాలను కూడగట్టి, వాళ్ళ పొదుపంతా ఒకచోట చేర్చి, "మనమే వాళ్ళ దేశం పోయి కొట్టు పెడదాం" అంది. అలా దోహా పక్కనున్న ఉమ్ సలాల్‌లో ఒక ఖర్జూర తోట పక్కన షెడ్డు అద్దెకు తీసుకుంది.

గంగామణిని రోజూ నజ్మా పేటలో ఆమె ఉండే గది నుంచి షెడ్డుకు తీసుకొచ్చేది, సరుకు చేరవేసేది గౌస్ మొహియుద్దీన్. నిజామాబాద్ మనిషి. అతనికి ఈ వ్యవహారం ఒక పట్టాన మింగుడుపడలేదు.

"అరబ్బులు పోయి ఆఫ్రికాల పైసలు పెట్టుడు సూశిన గని, ఆఫ్రికావోళ్ళొచ్చి అరబ్బుల కాడ పెట్టుడు గిప్పుడే సూస్తున్న. ఉల్టా గంగ పారుతున్నదక్కా!"

"ఎటు పారితేంది గౌస్ భాయ్, మనకు డ్యూటీ దొరికింది. బండి ముందు సూసి నడుపు."

మొదటిరోజు జైనబా ఆమె చేతిలో నాలుగు వెనిలా కాయలు పెట్టింది. జానెడేసి పొడవున, చింతపండు రంగులో, సన్నగా ఉన్నాయి. గంగామణి వాటిని వేళ్ళ మధ్య తిప్పి, ఒకదాన్ని పక్కన పెట్టి, "ఇది ఇంకా ఎండాలి" అంది. జైనబా ఆ కాయను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకేమీ అడగకుండా పనిలోకి తీసుకుంది. కాయల్ని పొడవును బట్టి, మెత్తదనాన్ని బట్టి ఏరడం, యాభయ్యేసి కాయల్ని కట్టగా పేర్చి దారం చుట్టడం. బీడీలు కట్టిన చేతికి ఇదేమంత పని?

ఏడాది నిండబోతుండగా జైనబా తన దేశం బయలుదేరింది. ఆ ఇరవై కుటుంబాలూ కూర్చుని, దోహా కొట్టు ఉంచాలో మూసేయాలో తేల్చే సమావేశం అది. పోయేముందు మాట దాచలేదు.

"మా ఊళ్ళో లవంగాల వాళ్ళు కూడా బయటికి రావాలని చూస్తున్నారు గంగా. మేం నిలబడితే వాళ్ళు కదులుతారు. మేం మూసుకుని పోతే ఇంకో ఇరవై ఏళ్ళు ఎవరూ దీవి దాటరు. గురువారం పెద్ద హోటలు షెఫ్ వస్తాడు. ఆ నాలుగు కిలోల పెట్టె అతనికే. అతను నెలనెలా తీసుకుంటానంటే చాలు, మనం బతుకుతాం."

అది మార్చి నెల. ఉత్తరపు గాలి పొడిగా కొడుతోంది. లోపల ఏసీ ఆగకుండా తిరుగుతోంది. ఆదివారం గంగామణి పెట్టె తెరిచేసరికి కాయల కొసలు బిరుసెక్కి ఉన్నాయి. ఒకటి వంచితే చిన్న బీట కనబడింది. ఇలాంటి కాయల్ని షెఫ్ ముట్టుకుంటాడా?

బీడీలు చుట్టే తునికాకు బిరుసెక్కితే ఏం చేస్తారో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్ళు చిలకరించి, తడి గోనెలో చుట్టి పెడతారు. గంగామణి శుభ్రమైన కొత్త గుడ్డ ఉతికి, పిండి, కాయల్ని అందులో చుట్టి పెట్టింది. సోమవారం చూస్తే వెన్నలా మెత్తబడి నిగనిగలాడుతున్నాయి. మురిసిపోయి, గుడ్డ ఇంకోసారి తడిపి చుట్టింది.

బుధవారం ఉదయం విప్పితే, నల్లటి కాయల మీద తెల్లటి నూగు.

గౌస్ లోపలికొచ్చేసరికి ఆమె నేల మీద కూర్చుని ఉంది.

"బూజా? గంతేనా? పరేషాన్ కాకక్కా. గుడ్డతోని తుడువు. మంచియి పైకెయ్యి, గీటిని నడుమల వెట్టు. కట్ట ఇప్పి ఎవడు సూస్తడు?"

ఆ మాట గౌస్ చెప్పకముందే ఆమె చేతులకు తెలుసు. బీడీ కట్టలో పీల బీడీల్ని నడుమ పెట్టి, గట్టివాటిని చుట్టూ పేర్చడం ఊళ్ళో ప్రతి ఆడమనిషీ చేసేదే. తనూ చేసింది. ఆలోచించేలోపే ఒక కట్ట తయారైంది. పైకి చూస్తే వంక పెట్టడానికి లేదు.

దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. బీడీలు లెక్కపెట్టి తీసుకునే టేకేదారుకు పీల బీడీ పోతే ఎవడో ఒకడు రెండు దమ్ములు తక్కువ పీలుస్తాడు, అంతే. ఇక్కడ ఒక్క కట్ట విప్పి షెఫ్ మొహం చిట్లించాడంటే ఇరవై ఇళ్ళ సరుకు చెడ్డపేరు మోసుకుని తిరిగి పోతుంది.

దారం తెంపేసింది.

"ఏం జేస్తున్నవక్కా?"

"మేడమ్‌కు ఫోన్ జేస్త."

"నౌకరీ పోతది!"

"పోతే పోనీ. నువ్వు జర ఊకో భాయ్."

అవతల సమావేశం అప్పటికే మొదలైంది. జైనబా గొంతు తగ్గించి మాట్లాడింది. గంగామణి దాచకుండా అంతా చెప్పింది.

"నీళ్ళా? వెనిలా మీద నీళ్ళా? ఆ తడి పోగొట్టడానికే కదా మేం ఆరు నెలలు చచ్చేది!"

"మా ఆకుకు అట్లనే చేస్తం మేడమ్."

"మీ ఆకు ఎన్ని రోజులు ఉండాలి?"

"తెల్లారితే చుట్టేస్తం."

"మాది రెండేళ్ళు ఉండాలి గంగా!"

జైనబా నిట్టూర్చింది. ఫోన్‌ను అటు తిప్పి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. అవతల గోల లేచింది. పదిమంది ఆడవాళ్ళు ఒక్కసారే అరుస్తున్నారు. తిడుతున్నారేమో అనుకుని గంగామణి కళ్ళు మూసుకుంది.

"కెమెరా పెట్టు," అంది జైనబా. "మా పెద్దావిడ బీబీ చెబుతుంది, నేను అరబ్బీలో చెబుతాను. నువ్వు చెయ్యి."

తెర మీద ఎర్ర ముసుగు వేసుకున్న ముసలావిడ కనబడింది. పళ్ళు లేవు గానీ నోరు మాత్రం పెద్దదే. నూగు పట్టినవి తీసి పారెయ్, మిగతావాటికి తాకనీయకు. గంగామణి ఒక్కొక్క కాయనే వేళ్ళ మధ్య తిప్పుతూ విడదీసింది. బూజు కంటికి కనబడకపోయినా లోపల తడి ఉన్న కాయల్ని కూడా వేళ్ళతోనే పట్టి వేరే పెట్టింది. మిగిలినవాటిని గంటసేపు ఎండలో పరిచి, వేడి మీదుండగానే పొడి ఉన్ని దుప్పటిలో చుట్టాలి, సాయంత్రం దాకా విప్పొద్దు. గౌస్ పరుగెత్తి బండిలోంచి తన దుప్పటి తెచ్చాడు. అవతల ఆడవాళ్ళు అరవడం మానేసి ఆమె చేతుల వంక చూస్తున్నారు.

ముసలావిడ ఏదో అడిగింది. జైనబా నవ్వాపుకుంటూ చెప్పింది. "ఈ పిల్ల ఏ దీవిదని అడుగుతోంది."

గురువారం షెఫ్ వచ్చాడు. లెబనాన్ అతను, ఎప్పుడూ తొందరే. గంగామణి తలెత్తకుండానే చెప్పింది.

"నాలుగు కిలోలు అన్నాం సార్. రెండున్నరే ఉంది. మిగతాది నా తప్పు వల్ల పాడైంది, పారేశాను."

అతను ఒక కట్ట విప్పాడు. నడిమి కాయను తీసి గోరుతో చీల్చి వాసన చూశాడు. ఇంకో కట్ట కూడా విప్పాడు.

"పాడైనవి నాకు అమ్మి ఉండొచ్చు కదా?"

ఆమె దారపు ఉండను సర్దింది. అతను ఉన్నదంతా తీసుకున్నాడు. నెలకు రెండు కిలోలు పంపమన్నాడు. అనుకున్నంత కాదు. అయినా ఇంకా సాగుతున్న సమావేశంలో ఆ కబురు చెప్పాక, దోహా కొట్టు ఇంకో రెండేళ్ళు ఉంచాలని పద్నాలుగు కుటుంబాలు చెయ్యెత్తాయట. మిగిలిన ఆరు కుటుంబాలు మొహం ముడుచుకున్నాయట. పోయిన కాయల నష్టం అందరూ పంచుకున్నారట. ఆ పద్నాలుగులో మొదట చెయ్యెత్తింది పళ్ళులేని బీబీయేనట.

జైనబా తిరిగొచ్చేటప్పుడు ఒక్కతే రాలేదు. లవంగాల వర్తకుడు ఒకాయన వెంట వచ్చాడు. తమవాళ్ళూ ఇక్కడో గది తీసుకోవచ్చేమో చూసి రమ్మన్నారట. షెడ్డంతా తిరిగి, గౌస్‌ను బండి బాడుగ అడిగి, చివరికి జైనబా వైపు తిరిగాడు.

"ఇక్కడ మొట్టమొదట ఏం తెలుసుకోవాలి?"

జైనబా గంగామణిని చూపించింది. "ఆమెను అడుగు."

గంగామణి సిగ్గుతో రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత కుర్చీ తుడిచి ఆయన్ను కూర్చోమంది. ఆయన తెచ్చిన సంచిలోంచి తనే ఒక లవంగం తీసి, గోటితో నొక్కి, అరచేతిలో పెట్టుకుని అరబ్బీలో అడిగింది.

"ముందు మీరు చెప్పండి. దీనికి నీళ్ళు పడతాయా, పడవా?"